షాపులో నీలం, ఇంటికొచ్చాక బూడిద: సిక్లిడ్ చేపల రంగు ఎందుకు నిలవదు?

షాపులో దీపం కింద నీలంగా మెరిసిపోతున్న చేపను చూసి ముచ్చటపడి తెచ్చుకుంటాం. వారం తిరగకుండానే అది బూడిదరంగుకు దిగి, ఫిల్టర్ వెనక సందులో నక్కి కూర్చుంటుంది. అడిగితే తలా ఒక మాట. నీళ్లు పడలేదని ఒకరు. మేత మార్చమని ఇంకొకరు. మరో పది చేపలు వేస్తే సర్దుకుంటుందని మూడో ఆయన. ఉన్నవే ఎక్కువ, సగం తీసేయమని నాలుగో ఆయన. తమాషా ఏమిటంటే, ఈ నలుగురు చెప్పిందీ ఏదో ఒక సిక్లిడ్ విషయంలో అక్షరాలా నిజం. మీ దగ్గరున్నది ఏ సిక్లిడ్ అని మాత్రం ఎవరూ అడిగి ఉండరు.

## సిక్లిడ్ అనేది చేప పేరు కాదు, ఇంటిపేరు

సిక్లిడ్ ఒక కుటుంబం. శాస్త్రజ్ఞులు ఇప్పటిదాకా పేరు పెట్టినవే 1,700 జాతులు దాటాయి. ఆఫ్రికా, దక్షిణ అమెరికా, మధ్య అమెరికా, మడగాస్కర్, దక్షిణ భారతం, శ్రీలంక దాకా ఈ కుటుంబం పరుచుకుని ఉంది. తినే తిలాపియా సిక్లిడ్డే. సన్నటి ఏంజెల్ చేప సిక్లిడ్డే. పళ్లెంలా గుండ్రంగా ఉండే డిస్కస్, కుక్కపిల్లలా యజమానిని గుర్తుపట్టే ఆస్కార్ కూడా అంతే. ఆఫ్రికాలోని టాంగన్యికా సరస్సులో ఖాళీ నత్తగుల్లల్లో కాపురం పెట్టే చేప వేలెడంత కూడా ఉండదు. ఆస్కార్ అయితే 30 సెంటీమీటర్లు దాటుతుంది. ఈ రెండింటికీ కలిపి ఒకే సలహా చెప్పడమంటే, ఇంటిపేరు చూసి మందు రాసివ్వడమే.

ఇంత వైవిధ్యం ఎలా వచ్చిందనడానికి ఎక్కువగా చెప్పే కారణాల్లో ఒకటి వాటి గొంతులో ఉంది. సిక్లిడ్‌కు నోట్లో ఉన్న దవడలు కాక, గొంతులో ఇంకో జత దవడలు ఉంటాయి. నమలడం, నూరడం అక్కడ జరిగిపోతుంది. దాంతో ముందు దవడకు మేతను పట్టుకోవడం తప్ప వేరే పని లేదు. పని తేలికయ్యేసరికి అది ఎన్ని రకాలుగానైనా మారింది. ఒకటి రాతి మీద పాచిని గోకుతుంది, ఒకటి నత్తల్ని నలగ్గొడుతుంది, ఇంకొకటి పక్క చేపల పొలుసులు పీక్కుని తింటుంది. పాచి గోకే చేపకు పేగు పొడవు. మాంసం తినే చేప మేతనే దానికీ వేస్తే పొట్ట ఉబ్బి చచ్చిపోతుందని పెంపకందార్లు చెబుతారు. అందులో మేత పాత్ర ఎంత, ఒత్తిడి పాత్ర ఎంత, క్రిముల పాత్ర ఎంత అన్నది ఇంకా వాదనలోనే ఉంది. కానీ పేగు పొడవు విషయంలో వాదన లేదు.

## రంగులో మేత వాటా కొంత, వెలుగు వాటా కొంత

చేప చర్మంలో రంగు కణాలు ఉంటాయి. నలుపు కణాల్లో ఉండే రంగు రేణువులు కణమంతా పరుచుకుంటే చర్మం నల్లబడుతుంది, మధ్యలో ముద్దగా చేరితే తేలిపోతుంది. ఇది నిమిషాల్లో జరిగే పని. భయపడ్డ చేప ఒంటి మీద ఉన్నట్టుండి నల్లటి పట్టీలు తేలడం అందుకే.

పసుపు, ఎరుపుల్లో చాలా వాటా కెరోటినాయిడ్లది. చేప వాటిని సొంతంగా తయారు చేసుకోలేదు, మేత నుంచే రావాలి. 'కలర్ ఫుడ్' డబ్బాలు పనిచేసేది ఇక్కడే.

నీలం సంగతి వేరు. చర్మంలో పలకల్లా పేర్చినట్టుండే సన్నటి స్ఫటికాలు వెలుగును తిప్పికొడితే మన కంటికి నీలం కనిపిస్తుంది. సబ్బు బుడగ మీద రంగుల్లాంటిదే ఇదీ. కాబట్టి నీలం చేపకు ఎంత ఖరీదైన రంగుమేత వేసినా నీలం పెరగదు. షాపులో నీలం బల్బు కింద మెరిసిన చేప ఇంట్లో తెల్లటి బల్బు కింద కాస్త చప్పబడితే, దాని తప్పేమీ లేదు.

ఇవి రెండూ కాక మూడోది ఉంది. చాలామందికి తెలియనిదీ, నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనదీ అదే.

## రంగు అంటే హోదా

ఆఫ్రికాలోని మలావీ సరస్సు సిక్లిడ్‌లలో చాలావాటికి మెరుపు మగవాటి సొత్తు. మగవాటిలోనూ జాగా సంపాదించుకున్న వాటిదే. ఆడవి, పిల్లలు, ఓడిపోయిన మగవి బూడిదగానో మట్టిరంగుగానో ఉంటాయి. 'పీకాక్' అని పిలిచే చేపల్లో ఇది కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

టాంగన్యికా ప్రాంతానికి చెందిన ఆస్టాటోటిలాపియా బర్టోని అనే సిక్లిడ్ మీద దీన్ని బాగా లోతుగా పరిశోధించారు. స్టాన్‌ఫోర్డ్ విశ్వవిద్యాలయంలో రస్సెల్ ఫెర్నాల్డ్ బృందం ఏళ్ల తరబడి ఈ చేపతోనే గడిపింది. గుంపులో పెత్తనం చేసే మగచేపను తీసేస్తే, అప్పటిదాకా అణిగిమణిగి ఉన్న మరో మగచేప నిమిషాల్లో రంగు తొడుక్కుంటుంది. కంటి కింద నల్లటి గీత దిగుతుంది. రోజులు గడిచేకొద్దీ మెదడులో సంతానోత్పత్తిని నడిపే నాడీకణాలు, వృషణాలు కూడా పెద్దవవుతాయి. జాగా పోగొట్టుకున్న మగచేపకు ఇదంతా వెనక్కి నడుస్తుంది.

మా ట్యాంకులోనే నేను దీన్ని కళ్లారా చూశాను. రెండు మగ పీకాక్‌లు ఉండేవి. ఒకటి ముఖం నుంచి తోక దాకా నీలం. రెండోది ఆడదేమో అనుకునేంత బూడిద. పెద్దదానికి రెక్క చిరిగి పుండు పడితే, వలతో పట్టి వేరే తొట్టిలో వేశాను. నీళ్లు సర్దుకుని చెయ్యి తుడుచుకుని వచ్చి చూసేసరికి, బూడిద చేప ఫిల్టర్ వెనక నుంచి బయటికొచ్చి మధ్య రాయి దగ్గర నిలబడి ఉంది. రెక్కలు విప్పుకుని ఉంది. సాయంత్రానికి దాని మూతి మీద నీలం మొదలైంది. మేత అదే, నీళ్లు అవే, దీపం అదే.

షాపు ట్యాంకులో మెరిసిన చేప మీ ఇంట్లో వెలిసిపోవడానికి ఇది ఒక కారణం: అక్కడ దొర, ఇక్కడ కొత్తగా వచ్చిన కూలి. ఇంకో కారణం అంత అమాయకమైంది కాదు. పిల్లచేపలకు మగ హార్మోన్ కలిపిన మేత పెట్టి, వయసు రాకముందే రంగు తెప్పించి అమ్మడం ఈ వ్యాపారంలో ఉన్నదే. ఇంటికొచ్చాక ఆ మేత ఆగుతుంది, రంగూ దిగుతుంది. వేలెడైనా లేని పీకాక్ పిల్లలన్నీ, ఒక్కటి కూడా మినహాయింపు లేకుండా, నిండు రంగులో ఉంటే నేనైతే అనుమానిస్తాను.

ఈ రాజకీయమంతా అక్కర్లేదు, రంగు చాలు అనుకునేవారిని చాలామంది 'ఎలక్ట్రిక్ ఎల్లో' వైపు పంపుతారు. పది సెంటీమీటర్ల లోపు చేప. ఆడామగా రెండూ పసుపే, స్వభావం కూడా మలావీ లెక్కల్లో మెతకే. దాని శాస్త్రీయ నామం లాబిడోక్రోమిస్ కేరూలియస్. లాటిన్‌లో కేరూలియస్ అంటే నీలం! సరస్సులో ఈ జాతి చాలాచోట్ల తెల్లగానో నీలి ఛాయతోనో ఉంటుంది. నిండు పసుపు రకం కొద్ది చోట్లే ఉంది. పేరు పెట్టేవారి కంట ముందుగా పడింది పసుపు కాదు.

## నీళ్లు: ఒకే కొలత, రెండు తీర్పులు

నీళ్ల ఆమ్ల, క్షార గుణాన్ని చెప్పే కొలత పీహెచ్. 7 అంటే తటస్థం, కింద ఆమ్లం, పైన క్షారం. ఒక్క అంకె మారితే గుణం పది రెట్లు మారినట్టు. అమెజాన్ ప్రాంతపు నల్లనీళ్ల వాగుల్లో పీహెచ్ 6 కన్నా తక్కువ ఉండేవి చాలా ఉన్నాయి. మలావీలో 8 అటూ ఇటూ. టాంగన్యికాలో 9 దగ్గర. అమెజాన్ చేప అయిన డిస్కస్‌నూ టాంగన్యికా చేపనూ ఒకే తొట్టిలో వేయొద్దనేది ఇందుకే.

పీహెచ్ అసలు దెబ్బ ఎక్కడ కొడుతుందో చూడాలంటే అమ్మోనియా లెక్క చూడాలి. చేప విసర్జన నుంచి, మిగిలిన మేత నుంచి అమ్మోనియా పుడుతుంది. ఫిల్టర్‌లో చేరిన బ్యాక్టీరియా దాన్ని మొదట నైట్రైట్‌గా, తర్వాత నైట్రేట్‌గా మారుస్తుంది. మొదటి రెండూ విషాలు, మూడోది చాలా మెతక. కొత్త ట్యాంకులో ఈ బ్యాక్టీరియా కుదురుకోవడానికి మామూలుగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. నీళ్లు అద్దంలా ఉన్నా కొత్త ట్యాంకులో చేపలు చచ్చిపోయేది ఈ వారాల్లోనే.

నీళ్లలో అమ్మోనియా రెండు రూపాల్లో ఉంటుంది. ఒకటి మొప్పల్ని కాల్చేది, ఇంకొకటి దాదాపు హాని చేయనిది. ఏది ఎంతన్నది పీహెచ్, వేడి కలిసి తేలుస్తాయి. ఇంట్లో వాడే పరీక్ష సీసాల్లో ఎక్కువ భాగం రెండింటినీ కలిపే చూపిస్తాయి. రెండు ట్యాంకులు తీసుకుందాం. రెండింట్లోనూ నీళ్ల వేడి 25 డిగ్రీలు, పరీక్షలో అమ్మోనియా లీటరుకు 1 మిల్లీగ్రాము. ఒకదాని పీహెచ్ 7, రెండోదాని పీహెచ్ 8.4. మొదటిదాంట్లో విషరూపం సుమారు 0.6 శాతం, అంటే 0.006 మిల్లీగ్రాములు. రెండోదాంట్లో సుమారు 12 శాతం, అంటే 0.12. మొప్పలకు హాని మొదలయ్యే హద్దుగా సాధారణంగా చెప్పేది 0.05. పరీక్ష సీసాలో రంగు ఒక్కటే. ఒక ట్యాంకులో చేపలు మేతకు ఎగబడుతుంటాయి, రెండోదాంట్లో నీటి పైకొచ్చి గుటకలు వేస్తుంటాయి.

ఇక్కడే ఒక పాత గొడవ ఉంది. సరస్సులో ఎంత పీహెచ్ ఉందో ట్యాంకులోనూ అంతే ఉండాలన్నది ఒక వాదం. సున్నపురాయి, పగడపు పొడి వేసి నీళ్లను అక్కడికి తెస్తారు. రెండో వాదం వాళ్లు, దుకాణాల్లో దొరికే చేపలు తరతరాలుగా తొట్లలోనే పుట్టి పెరిగినవని, వాటికి కావాల్సింది నిలకడేనని అంటారు. అంకె కొంచెం అటూ ఇటూ అయినా రోజుకో తీరుగా ఉండకపోతే చాలంటారు.

మామూలు పెంపకం వరకు రెండో వాదంలో బలం ఎక్కువ ఉందని నాకనిపిస్తుంది. కానీ దానికి రెండు మినహాయింపులున్నాయి. పెంచడం వేరు, పిల్లల్ని తీయించడం వేరు. అమెజాన్ చేపల గుడ్లు గట్టినీళ్లలో (ఖనిజ లవణాలు ఎక్కువున్న నీళ్లలో) సరిగా పొదగకపోవడం చాలామంది అనుభవం. రెండోది, నిలకడ ఊరికే రాదు. కేహెచ్ అని పిలిచే కార్బొనేట్ గట్టిదనం ఉంటేనే వస్తుంది. ఫిల్టర్ బ్యాక్టీరియా పనిచేస్తూ ఆమ్లం పుట్టిస్తుంటే, కేహెచ్ దాన్ని దిగమింగుతూ ఉంటుంది. అది అయిపోయిన రోజు పీహెచ్ ఒక్కసారిగా జారిపోతుంది. కంగారుపడి సీసా మందు పోసి పీహెచ్ పెంచితే ఏమవుతుందో పై లెక్క చెబుతూనే ఉంది. అప్పటిదాకా హాని చేయకుండా పడి ఉన్న అమ్మోనియా, అదే ట్యాంకులో, గంటలో విషమవుతుంది.

## కిక్కిరిస్తే శాంతా, ఖాళీగా ఉంటే శాంతా?

మొదట్లో మరో పది చేపలు వేయమన్న మూడో ఆయనా, సగం తీసేయమన్న నాలుగో ఆయనా తగువులాడేది ఇక్కడే. సిక్లిడ్‌లలో చాలామటుకు జాగా పట్టుకుని కాపలా కాసే చేపలు. నాలుగైదు చేపలే ఉన్న ట్యాంకులో బలమైనది బలహీనమైనదాన్ని ఎంచుకుని వెంటపడుతుంది. అదే ట్యాంకులో ఇరవై ఉంటే, ఒకదాన్ని తరిమేలోపు ఇంకొకటి అడ్డం వస్తుంది. కోపం పంచుకుపోతుంది, ఎవరికీ ప్రాణం మీదికి రాదు. 'ఎంబూనా' అని పిలిచే మలావీ రాతిచేపల దగ్గర ఈ పద్ధతి పనిచేస్తుందని పెంపకందార్లు చాలామంది ఒప్పుకుంటారు. ఒక మగకు మూడో నాలుగో ఆడవి ఉండేలా చూస్తారు.

ఎదుటి పక్షం ప్రశ్న కూడా న్యాయమైనదే: గొడవ తగ్గిందా, గొడవపడే ఓపిక పోయిందా? పైగా మలినం ఎక్కడికి పోతుంది? ఫిల్టర్ నైట్రేట్ దగ్గర ఆగిపోతుంది. నైట్రేట్ మామూలుగా నీళ్లు మారిస్తేనే పోతుంది.

వారానికి లీటరుకు 10 మిల్లీగ్రాముల నైట్రేట్ పెరిగే ట్యాంకు ఉందనుకుందాం. వారానికోసారి పావువంతు నీళ్లు మారుస్తున్నారు. మొదటి వారం చివర 10, మార్చాక 7.5. రెండో వారం చివర 17.5, మార్చాక 13 పైచిలుకు. ఇలా ఎక్కుతూ పోయి, మార్చే ముందు 40, మార్చాక 30 దగ్గర స్థిరపడుతుంది. పావు బదులు సగం మారిస్తే 20 దగ్గరే ఆగుతుంది. ఇప్పుడు చేపల్ని రెట్టింపు చేయండి. పావువంతు మార్పిడితో 80 దాకా పోతుంది. సగం మారిస్తే 40. అంటే కిక్కిరిసిన ట్యాంకులో ప్రతి వారం సగం నీళ్లు తోడిపోసేవాడు, పలుచగా చేపలు వేసి పావువంతు మార్చేవాడితో సమానంగా మాత్రమే నిలబడతాడు. కిక్కిరిసిన పద్ధతి తప్పని ఈ లెక్క చెప్పదు. దానికి కూలి ఎవరు కడుతున్నారో చెబుతుంది.

ఇంతాచేసి ఈ పద్ధతి రాతిచేపలకు చెల్లిందని ఆస్కార్‌లకో, గుడ్లు పెట్టి కాపలా కాసే మధ్య అమెరికా జంటలకో వర్తింపజేస్తే రక్తపాతమే. జంట కట్టిన సిక్లిడ్‌లకు ట్యాంకులో మూడోవాడు పనికిరాడు.

లీటర్ల లెక్కలో ఇంకో మెలిక ఉంది. 120 సెంటీమీటర్ల పొడవు, 45 వెడల్పు, 50 ఎత్తు ఉన్న ట్యాంకు 270 లీటర్లు. 60 పొడవు, 60 వెడల్పు, 75 ఎత్తు ఉన్నదీ సరిగ్గా 270 లీటర్లే. కానీ మొదటిదాని అడుగు 5,400 చదరపు సెంటీమీటర్లు, రెండోదానిది 3,600. రాతిచేప జాగాను అడుగునే కొలుచుకుంటుంది, పైనున్న నీళ్లు దానికి లెక్కలోకి రావు. ఒకే నీళ్లు, ఒకే చేపలు అయినా పొడుగు ట్యాంకులో పారిపోవడానికి చోటుంటుంది.

## రంగు చెరిగితే జాతి చెరుగుతుంది

మలావీ చేపల్లో ఆడది గుడ్లను నోట్లో పెట్టుకుని పొదుగుతుంది. దాదాపు మూడు వారాలు నోరు మూసుకునే ఉంటుంది, దవడ కింద సంచిలా ఉబ్బుతుంది, మేత దాదాపు ముట్టదు. చాలా జాతుల్లో మగదాని పొట్ట వెనక రెక్క మీద గుడ్లలాంటి చుక్కలుంటాయి. ఆడది గుడ్లను నోట్లోకి ఎత్తుకున్నాక ఆ చుక్కల్ని మూతితో పొడుస్తుంది, అప్పుడు వీర్యం దాని నోట్లోకి చేరుతుంది.

దగ్గరి జాతులున్న చోట ఆడది తన జాతి మగచేపను ఎలా పోల్చుకుంటుంది? చాలాచోట్ల రంగును బట్టే. విక్టోరియా సరస్సులో ఓలే సీహౌజెన్, ఆయన సహచరులు 1997లో ప్రచురించిన పరిశోధన ఇదే చూపించింది. ఎరుపు మగవి, నీలం మగవి ఉన్న దగ్గరి జాతుల్లో ఆడవి తెల్లటి వెలుగులో తమవాటినే ఎంచుకున్నాయి. రంగుల తేడా తెలియనివ్వని వెలుగులో ఆ ఎంపిక చెదిరిపోయింది. మురికితో నీళ్లు మసకబారిన చోట్ల జాతుల మధ్య గీత కూడా మసకబారిందని వాళ్లు తేల్చారు.

ఇంటి ట్యాంకులో నీళ్లు తేటగానే ఉంటాయి, ఎంపికే ఉండదు. తన జాతి మగచేప లేకపోతే ఆడది ఉన్నదానితోనే సరిపెట్టుకుంటుంది. అలా పుట్టిన పిల్లలు ఏ పేరుకూ చెందవు. నాలుగు రకాల మలావీ చేపల్ని రంగు కోసం కలిపి వేసిన ట్యాంకులో పుట్టిన పిల్లల్ని జాతి పేరుతో ఎవరికైనా ఇస్తే, ఆ పేరు అబద్ధమయ్యే అవకాశం ఎక్కువ.

మనిషి కావాలని కలిపినవీ ఉన్నాయి. నుదుటి మీద బుడిపెతో తిరిగే ఫ్లవర్‌హార్న్ 1990ల్లో మలేషియాలో పుట్టింది. నారింజరంగు బ్లడ్ ప్యారట్‌ను 1980ల్లో తైవాన్‌లో తీశారు. బ్లడ్ ప్యారట్ నోరు పూర్తిగా మూసుకోదు. మేతను చాలావరకు గొంతులోని రెండో దవడతోనే నలుపుకుంటుంది. పుట్టుకతోనే లోపమున్న చేపను అందం పేరిట తయారు చేయడం క్రూరమని వ్యతిరేకించేవారు అంటారు. వీటిని పెంచేవారి జవాబు: గోల్డ్ ఫిష్‌ను మాత్రం ఎవరు చేశారు? ఇవేవీ సరస్సుల నుంచి పట్టుకొచ్చినవి కావు కదా? ఫ్లవర్‌హార్న్ గట్టి ప్రాణమున్న చేప, దానికి రెండో జవాబు సరిపోతుంది. మూసుకోని నోటికి మాత్రం ఆ జవాబు చాలదు. ఇక సూదితోనో రసాయనంతోనో రంగెక్కించిన బ్లడ్ ప్యారట్‌లను ఇరుపక్షాల్లో ఎవరూ సమర్థించడం నేను చూడలేదు. ఆ రంగు ఎలాగూ నెలల్లో వెలిసిపోతుంది.

## తిరిగొచ్చిన దొర

మా పెద్ద పీకాక్ పుండు మానడానికి పది రోజులు పట్టింది. తీసుకొచ్చి పాత ట్యాంకులో వదిలాను. రంగు కొంచెం తగ్గినా ఇంకా నీలంగానే ఉంది. తిన్నగా మధ్య రాయి దగ్గరికి పోయింది. అక్కడున్నది కదల్లేదు. రెండూ పక్కపక్కనే నిలబడి, రెక్కలు విప్పి, ఒకదాని ముఖం మీదికి ఇంకొకటి నీళ్లు ఎగజిమ్మేలా తోక కొట్టుకున్నాయి. తర్వాత మూతులు పట్టుకున్నాయి. మర్నాడు పొద్దున లేచి చూస్తే పెద్దది ఫిల్టర్ వెనక ఉంది, బూడిదరంగులో. నేను రాళ్లన్నీ తీసి, చోటు మార్చి మళ్లీ పేర్చాను. పాత సరిహద్దులు లేకపోయేసరికి రెండూ చెరో మూలకు సర్దుకున్నాయి. ఇప్పుడు ఎడమ మూలలోది ముక్కాలు భాగం నీలం. కుడి మూలలోది తల వరకే.